మైక్రోఆర్ఎన్ఏ మీద పని మొదలుపెడుతున్నారా? బయోమార్కరా, డ్రగ్ టార్గెటా, ముందు అది తేల్చుకోండి

ఎమ్మెస్సీ అయ్యి పీహెచ్‌డీలో చేరిన పిల్లలు ఏటా ఇద్దరు ముగ్గురైనా ఫోన్ చేసి ఇదే అడుగుతారు. "అన్నా, మా గైడ్ మైక్రోఆర్ఎన్ఏ మీద ఏదైనా చూసుకోమన్నారు, ఏం తీసుకోమంటావ్?" మైక్రోఆర్ఎన్ఏని కనిపెట్టిన విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్‌లకు 2024లో వైద్యంలో నోబెల్ వచ్చాక ఈ ఫోన్లు ఇంకా పెరిగాయి. నేను తిరిగి ఒకటే అడుగుతాను: రోగం ఉందో లేదో చెప్పడానికా (అంటే బయోమార్కర్), ఉన్న రోగాన్ని తగ్గించడానికా (అంటే డ్రగ్ టార్గెట్)? "రెండూ అన్నా" అంటారు, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. వాళ్ల తప్పేం లేదు. ఈ రంగంలో ప్రతి పేపరూ "దీన్ని బయోమార్కర్‌గానూ, చికిత్సకు టార్గెట్‌గానూ వాడవచ్చు" అనే వాక్యంతోనే ముగుస్తుంది, చదివీ చదివీ అదే నోటికొచ్చేస్తుంది. ఆ "గానూ, గానూ" నమ్మి నాలుగేళ్లు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు, అందుకే ఇదంతా రాస్తున్నాను.

కొండ మీద పొగ కనిపిస్తోంది కాబట్టి అక్కడ నిప్పుంది అని మన తర్కశాస్త్రంలో పాత ఉదాహరణ ఒకటుంది కదా. బయోమార్కర్ ఆ పొగ. డ్రగ్ టార్గెట్ ఆ నిప్పు. పొగ మీద ఎన్ని బిందెల నీళ్లు పోసినా మంట ఆరదు. పొగ రాకుండా లోలోపల కాలే నిప్పూ ఉంటుంది. కాబట్టి బయోమార్కర్‌గా పనికొచ్చే మైక్రోఆర్ఎన్ఏ రోగానికి కారణం కానక్కర్లేదు, కారణమైన మైక్రోఆర్ఎన్ఏ రక్తంలో కనిపించనూ అక్కర్లేదు. రెంటికీ చూడాల్సిన గుణాలు వేరు, పెట్టే ఖర్చు వేరు, పరువు పోయే చోటు కూడా వేరు.

అసలు విషయం తెలియని వాళ్ల కోసం క్లుప్తంగా. మైక్రోఆర్ఎన్ఏ అంటే దాదాపు 22 అక్షరాల చిన్న ఆర్ఎన్ఏ ముక్క. ప్రొటీన్ తయారు చేయదు, ప్రొటీన్ తయారు చేయబోయే మెసెంజర్ ఆర్ఎన్ఏకి అతుక్కుని దాని నోరు నొక్కుతుంది. అతుక్కోవడంలో ముఖ్యమైనవి 2 నుంచి 8 వరకు ఉన్న అక్షరాలు, దాన్నే సీడ్ అంటారు. అంత చిన్న జత చాలు కాబట్టి ఒక్కో మైక్రోఆర్ఎన్ఏ వందల జన్యువుల మీద చెయ్యి వేయగలదు, మనిషి ప్రొటీన్ జన్యువుల్లో సగానికి పైగా వీటి అదుపులో ఉన్నాయని అంచనా. 1993లో మొదటిది ఒక మిల్లీమీటరు పురుగులో దొరికితే అది పురుగుల గొడవలే అని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2000లో దొరికిన లెట్-7 అనే మైక్రోఆర్ఎన్ఏ మనిషిలోనూ అచ్చం అలాగే ఉందని తేలాక కథ మారింది.

రెండు పాత్రలూ వేసిన ఒక మైక్రోఆర్ఎన్ఏ

"రెండూ" అనే వాళ్లకి నేను ముందు మిర్-122 కథ చెప్తాను (మిర్ అంటే మైక్రోఆర్ఎన్ఏకి పొట్టి పేరు). ఇది కాలేయం సొంత సరుకు. కాలేయ కణాల్లోని మొత్తం మైక్రోఆర్ఎన్ఏలో దాదాపు 70 శాతం ఇదొక్కటే, వేరే అవయవాల్లో దాదాపు ఉండదు.

ముందు టార్గెట్‌గా చూద్దాం. హెపటైటిస్-సి వైరస్ బతకడానికి దీని మీదే ఆధారపడుతుందని 2005లో తేలింది. మామూలుగా మైక్రోఆర్ఎన్ఏ ఆర్ఎన్ఏని అణిచివేస్తుంది కదా, ఇక్కడ తిరగేసిన వ్యవహారం: వైరస్ ఆర్ఎన్ఏ తన మొదటి కొసలో మిర్-122ని రెండు చోట్ల అతికించుకుని దాన్ని గొడుగులా పట్టుకుంటుంది. గొడుగు లాగేస్తే వైరస్ తడిసిపోతుంది. ఆ ఆలోచనతో మిరావిర్సెన్ అనే మందు వచ్చింది. 36 మంది రోగులకి వారానికొకటి చొప్పున ఐదు ఇంజెక్షన్లు ఇచ్చి చూస్తే డోసు పెరిగేకొద్దీ వైరస్ తగ్గింది, 2013లో ఫలితాలు పెద్ద పత్రికలో వచ్చాయి, అందరం పండగ చేసుకున్నాం. అదే ఏడాది డిసెంబరులో అమెరికాలో సోఫోస్‌బువిర్‌కి అనుమతి వచ్చింది. నోట్లో వేసుకునే మాత్ర, ఎక్కువ మందికి 12 వారాలు, వేరే మందుతో కలిపి ఇస్తే నూటికి తొంభై మందికి పైగా నయం. 2015లో మన హైదరాబాద్ కంపెనీలు నాట్కో, హెటిరో దాని జనరిక్ అమ్మడం మొదలుపెట్టేశాయి. మిర్-122ని తలదన్నిన మాత్ర మన ఊరి కంపెనీల నుంచే దేశమంతా వెళ్లిందన్నమాట. సైన్స్ తప్పు కాలేదు, కానీ గోటితో పోయేదానికి గొడ్డలి ఎవరు ఎత్తుతారు? అదే టార్గెట్ మీద ఇంకో కంపెనీ ఆర్‌జీ-101 అనే మందు తెచ్చింది, కాలేయ కణాలు గుర్తుపట్టే ఒక చక్కెర తోక తగిలించి. దాంతో కొందరికి కామెర్లు వచ్చాయి. 2016లో అమెరికా ఎఫ్‌డీఏ ట్రయల్ నిలిపేయించింది, మరుసటి ఏడాది కంపెనీయే చేతులెత్తేసింది. మిర్-122 పూర్తిగా లేని ఎలుకలకి కాలేయ కణితులు వస్తాయని కూడా 2012లోనే తెలుసు, అంటే అది వైరస్ కోసం పుట్టింది కాదు, కాలేయానికి తన పని తనకుంది.

ఇప్పుడు అదే మిర్-122 బయోమార్కర్‌గా. పారాసిటమాల్ ఎక్కువ మింగిన వాళ్లలో కాలేయ కణాలు పగిలి ఇది రక్తంలోకి వస్తుంది, రోజూ చేసే కాలేయ పరీక్ష ఏఎల్‌టీ (మన ల్యాబుల్లో ఎస్‌జీపీటీ అని రాస్తారే, అదే) కంటే ముందే పెరుగుతుంది. పైగా ఏఎల్‌టీ కండరాల్లోనూ ఉంటుంది, జిమ్‌లో ఒళ్లు హూనం చేసుకున్నవాడికీ కండరాల జబ్బున్న పిల్లాడికీ పెరుగుతుంది, అక్కడ అది కాలేయందో కాదో మిర్-122 తేల్చి చెప్పగలదు. ఇంత బాగున్నా మీ వీధి చివరి ల్యాబ్‌లో ఈ టెస్టు లేదు. ఎందుకంటే ఏఎల్‌టీ చవక, మధ్యాహ్నానికి రిపోర్టు చేతికొస్తుంది. మిర్-122కి ఆర్ఎన్ఏ తీయాలి, పీసీఆర్ నడపాలి, పైగా ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనే మనిషికీ మనిషికీ చాలా తేడా, కాబట్టి ఇంత దాటితే జబ్బు అని గీత గీయడం కష్టం.

గమనించారా, రెండు చోట్లా సైన్స్ నిజమే, రెండు చోట్లా వేర్వేరు కారణాలతో ఆగిపోయింది. టార్గెట్‌గా ఓడించింది మంచి మందు, బయోమార్కర్‌గా ఓడించింది చవక టెస్టు. అందుకే మీరు పోల్చాల్సింది ఒక మైక్రోఆర్ఎన్ఏని ఇంకో మైక్రోఆర్ఎన్ఏతో కాదు, ఆ రోగానికి ఇప్పటికే బజార్లో ఉన్నదానితో.

బయోమార్కర్ వైపు వెళ్తే

ఇది చవక దారి అని అందరూ అనుకుంటారు. రక్తం తీయాలి, ప్లాస్మా (కణాలు తీసేసిన రక్తద్రవం) వేరు చేయాలి, పీసీఆర్ చేయాలి, అంతే కదా అని. రక్తంలో ఆర్ఎన్ఏని నమిలేసే ఎంజైములు ఉన్నా మైక్రోఆర్ఎన్ఏ చెక్కుచెదరకుండా ఉంటుందని 2008లో తేలినప్పటి నుంచి జనం ఎగబడ్డారు. అర్గోనాట్ అనే ప్రొటీన్‌నో, కణాలు విడిచే చిన్న బుడగల్నో, మంచి కొలెస్టరాల్ అని మనం పిలిచే హెచ్‌డీఎల్‌నో పట్టుకుని తిరుగుతుంది కాబట్టి దానికేం కాదు. ఇక ప్రతి జబ్బుకీ ఒక మైక్రోఆర్ఎన్ఏ దొరికేసింది.

మా అనుభవం చెప్తాను, నవ్వుకోండి. ఓ అరవై శాంపిళ్లు. రోగులవి పక్క ఊరి ఆసుపత్రిలో పొద్దున ఓపీలో తీసి, సాయంత్రం దాకా అక్కడే ఉంచి, ఐస్ డబ్బాలో ఆటోలో పంపేవాళ్లు. కంట్రోల్స్ (పోల్చడానికి తీసుకునే ఆరోగ్యవంతులు) అంటే మా ల్యాబ్ వాళ్లం, మా స్నేహితులం, రక్తం తీసిన అరగంటలో సెంట్రిఫ్యూజ్‌లో తిప్పేశాం. ఫలితం చూస్తే మిర్-451, మిర్-16 రోగుల్లో ఆకాశాన్ని అంటుతున్నాయి. రెండు వారాలు నేల మీద నడవలేదు మేము. అప్పుడు ముప్పై ఏళ్లుగా ల్యాబ్‌లో పనిచేస్తున్న టెక్నీషియన్ గారు ట్యూబులు వెలుతురుకి పెట్టి చూసి, "ఇదేంటయ్యా, ప్లాస్మా గులాబీ రంగులో ఉంది" అన్నారు. ఆ రెండు మైక్రోఆర్ఎన్ఏలూ ఎర్ర రక్తకణాల నిండా ఉంటాయి. కణాలు పగిలి బయటికొచ్చాయి. మేం కనిపెట్టింది రోగానికీ ఆరోగ్యానికీ తేడా కాదు, ఆటోకీ అరగంటకీ తేడా.

మా ఒక్కరి బాధే కాదిది. రక్త క్యాన్సర్లు కాని వేరే క్యాన్సర్లకి అప్పటికే పేపర్లలో వచ్చిన 79 రక్త మార్కర్లని 2012లో ఒక బృందం తిరగేసి చూస్తే, 46 మైక్రోఆర్ఎన్ఏలు మామూలు రక్తకణాల్లోనే దండిగా ఉండేవని తేలింది. సగానికి పైగా! కాబట్టి పని మొదలుపెట్టే ముందే ఇవి ఖాయం చేసుకోండి. సీరమా ప్లాస్మానా అంటే నేను ఈడీటీఏ (రక్తం గడ్డకట్టనివ్వని రసాయనం) ట్యూబులో తీసిన ప్లాస్మానే ఎంచుకుంటాను, సీరం అంటే గడ్డకట్టిన రక్తం నుంచి తీసేది, గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు తమ మైక్రోఆర్ఎన్ఏని వదిలేస్తాయి. ప్లాస్మా అయినా ఒకసారి తిప్పితే చాలదు, మిగిలిన ప్లేట్‌లెట్లు పోవాలంటే రెండోసారి తిప్పాలి. హెపారిన్ ట్యూబు ముట్టుకోకండి, పీసీఆర్‌ని చంపేస్తుంది. ప్రతి శాంపిల్‌లో మిర్-451కీ మిర్-23ఏకీ తేడా చూడండి, అది 7 పీసీఆర్ సైకిళ్లు దాటితే ఆ ట్యూబులో కణాలు పగిలాయని అనుమానించాలి. రోగులకీ కంట్రోల్స్‌కీ ఒకే చోట, ఒకే ట్యూబు, ఒకే గడువు. ఇది పాటించలేని ఆసుపత్రితో పని అయితే బయోమార్కర్ ప్రాజెక్టు ఒప్పుకోకండి, మొహమాటం వద్దు.

కొలిచే పద్ధతి గురించి పెద్ద టెన్షన్ అక్కర్లేదు. ఏం వెతకాలో తెలియనప్పుడు సీక్వెన్సింగ్ (ఆర్ఎన్ఏల అక్షరాలన్నీ చదివేయడం), తెలిశాక పీసీఆర్, మరీ తక్కువ ఉండి లెక్క కచ్చితంగా కావాలంటే డిజిటల్ పీసీఆర్. సీక్వెన్సింగ్‌లో ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి: కొసలకి ముక్కలు అతికించే ఎంజైముకి కొన్ని వరసలంటే ఇష్టం, కొన్నంటే కాదు. కాబట్టి ఒకే శాంపిల్‌లో మిర్-ఫలానా కంటే మిర్-ఫలానా ఎక్కువుంది అని చెప్పకండి, ఒకే మైక్రోఆర్ఎన్ఏ రెండు శాంపిళ్ల మధ్య ఎలా మారిందో మాత్రమే చెప్పండి. నార్మలైజ్ చేయడానికి, అంటే శాంపిళ్లన్నిటినీ ఒకే కొలతకి తేవడానికి, ప్లాస్మాలో యూ6 అనే చిన్న ఆర్ఎన్ఏ పనికిరాదు, మిర్-16 సంగతి పైన చూశారు. ఆర్ఎన్ఏ తీసేటప్పుడు ఎంత పోయిందో తెలియడానికి పురుగు మిర్-39ని కొలిచి కలపండి, దాంతో పాటు మీ శాంపిళ్లలో నిలకడగా ఉన్నవి రెండు మూడు మీరే వెతుక్కోండి.

ఇక ఏ మైక్రోఆర్ఎన్ఏ? ఇక్కడ నా సలహా కొంచెం కటువుగా ఉంటుంది. మిర్-21ని వదిలేయండి. దాదాపు క్యాన్సర్లన్నింట్లో పెరుగుతుంది, గుండె జబ్బులో పెరుగుతుంది, కిడ్నీలో మచ్చలు పడినా పెరుగుతుంది, వాపు ఉంటే చాలు పెరుగుతుంది. అన్ని జబ్బులకీ పెరిగేది ఏ జబ్బూ చెప్పదు, జ్వరం లాగా. అలాగే నంబరు నాలుగంకెలు ఉన్నది కనిపిస్తే ఒకసారి అనుమానించండి. మిర్‌బేస్ అనే పట్టికలో మనిషివి 2,600కి పైగా ఉన్నాయి, కానీ గట్టిగా వడపోసే మిర్‌జీన్‌డీబీ ఒప్పుకునే జన్యువులు ఐదు వందల పైచిలుకే. ప్రైమర్లకి డబ్బు కట్టే ముందు అక్కడ ఉందో లేదో చూసుకోవడానికి ఐదు నిమిషాలు పడుతుంది.

మంచి బయోమార్కర్ ఎలా ఉంటుందో చూడాలంటే మిర్-371ఏ-3పీ. వృషణాల్లో వచ్చే జెర్మ్ సెల్ కణితులకి ఇది మార్కర్. పిండంలో ఉండి, పెద్దయ్యాక ఒంట్లో దాదాపు నోరు మెదపని గుంపులోది ఇది, కాబట్టి పెద్దవాడి రక్తంలో కనబడిందంటే ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం తేలిక. 2019లో వచ్చిన అధ్యయనంలో 616 మంది రోగులు, 258 మంది కంట్రోల్స్; ఉన్న జబ్బుని 90.1 శాతం పట్టింది, లేనివాళ్లని 94 శాతం సరిగ్గా లేదని చెప్పింది. ఆ జబ్బుకి ఇప్పుడు వాడే రక్త పరీక్షలు ఏఎఫ్‌పీ, హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్‌లు ఒక్కొక్కటీ సగం మందిని కూడా పట్టలేవు. లోపం కూడా ఉంది: టెరటోమా అనే రకాన్ని ఇది చూడలేదు. కానీ ఎక్కడ చూడలేదో తెలిసిన టెస్టు, ఎక్కడ చూడలేదో తెలియని టెస్టు కంటే వెయ్యి రెట్లు నయం.

ఒక్కటి దొరక్కపోతే గుంపు. సింగపూర్‌లో జీర్ణాశయ క్యాన్సర్‌కి 12 మైక్రోఆర్ఎన్ఏలు కలిపి ఒక రక్త పరీక్ష తయారు చేశారు, అయిదు వేల మందికి పైగా చూసి. అక్కడ దాన్ని వాడటానికి అనుమతి కూడా ఉంది. అది ఎండోస్కోపీకి బదులు కాదు, ఎవరికి ఎండోస్కోపీ చేయాలో ముందు వడపోయడానికి. ఈ "ఎందుకోసం" అనేది ముందే రాసుకోకపోతే ఏం జరుగుతుందో ఒక లెక్క వేద్దాం. వెయ్యికి అయిదుగురికి వచ్చే జబ్బు అనుకోండి, మీ టెస్టు రెండు వైపులా 90 శాతం సరైనది. పదివేల మందికి చేస్తే 50 మంది అసలు రోగుల్లో 45 మంది దొరుకుతారు, బాగుంది. కానీ జబ్బు లేని 9,950 మందిలో 995 మందికి కూడా పాజిటివ్ వస్తుంది. అంటే పాజిటివ్ వచ్చిన 1,040 మందిలో నిజంగా జబ్బున్నది 45 మందికే. మిగతా వాళ్ల ఇంట్లో ఆ రాత్రి ఎవరూ నిద్రపోరు. పేపర్లో 90 శాతం అని మెరిసేది ఊళ్లోకొస్తే ఇలా అవుతుంది. అందుకే అందరికీ చేసే స్క్రీనింగ్ టెస్టు కనిపెడతానని బయల్దేరకండి, ఇప్పటికే అనుమానం ఉన్న రోగుల్లో ఒక చిన్న సందేహం తీర్చే టెస్టు కోసం చూడండి. (ఎవరైనా మీ ఇంట్లో వాళ్లకి "ఒక్క చుక్క రక్తంతో అన్ని క్యాన్సర్లూ" అని కిట్ అమ్మడానికి వచ్చినా ఇదే లెక్క వేసి చూపించండి.)

టార్గెట్ వైపు వెళ్తే

ముందు చేదు నిజం. నేనిది రాస్తున్న నాటికి మైక్రోఆర్ఎన్ఏని నేరుగా అడ్డుకునే, లేదా దాని నకలుగా ఇచ్చే మందు ఒక్కదానికీ అనుమతి రాలేదు. దీని దాయాది ఎస్ఐఆర్ఎన్ఏ మాత్రం 2018లో పాటిసిరాన్ అనే మందుతో బోణీ కొట్టి, తర్వాత కొలెస్టరాల్‌కి ఆర్నెల్లకొక ఇంజెక్షన్ దాకా వచ్చేసింది. రెండూ కణంలో ఒకే యంత్రాన్ని వాడతాయి, మరి తేడా ఎక్కడ? ఎస్ఐఆర్ఎన్ఏ ఒక్క జన్యువుని గురిపెడుతుంది, ఏం జరుగుతుందో ముందే చెప్పొచ్చు. మైక్రోఆర్ఎన్ఏని కదిపితే వంద జన్యువులు తలా కొంచెం కదులుతాయి. కాబట్టి మీ రోగానికి ఒక్క జన్యువే దోషి అని తెలిస్తే మైక్రోఆర్ఎన్ఏ జోలికి వెళ్లకండి, ఎస్ఐఆర్ఎన్ఏనే తీసుకోండి. మచ్చలు పడి గట్టిపడిపోయే అవయవాలు, పెరిగిపోయే గుండె కండరం, ఇలా పది తాళ్లు ఒకేసారి లాగాల్సిన జబ్బులోనే మైక్రోఆర్ఎన్ఏకి అర్థముంది.

మైక్రోఆర్ఎన్ఏలోనే రెండు దారులు. ఎక్కువైనదాన్ని అడ్డుకోవడం, దాన్ని యాంటీమిర్ అంటాం. తక్కువైనదాన్ని నకలు చేసి ఇవ్వడం, అది మిమిక్. నన్నడిగితే సందేహమే లేదు, యాంటీమిర్. అది ఒంటి పోగు, దాని రసాయనాన్ని యాంటీసెన్స్ మందుల వాళ్లు ఎన్నో ఏళ్లుగా సానపెట్టి ఉంచారు, ఏ వాహనం లేకుండా ఇంజెక్షన్ ఇచ్చినా కాలేయానికీ కిడ్నీకీ దానంతటదే చేరుతుంది. మిమిక్ రెండు పోగులది, కణం యంత్రంలో సరిగ్గా కూర్చోవాలి కాబట్టి దాని మీద రసాయన మార్పులు ఇష్టం వచ్చినట్టు చేయడానికి లేదు, పైగా మోసుకెళ్లడానికి కొవ్వు బుడగలు కావాలి.

ఎంఆర్ఎక్స్34 కథ ప్రతి విద్యార్థీ తెలుసుకోవాలి. మిర్-34ఏ క్యాన్సర్‌ని అణిచే మైక్రోఆర్ఎన్ఏ, ఎలుకల్లో అద్భుతంగా పనిచేసింది. దాని మిమిక్‌ని కొవ్వు బుడగల్లో పెట్టి 2013లో మనుషుల్లో మొదలుపెట్టారు, ముదిరిన క్యాన్సర్ రోగులు 85 మంది. కొందరిలో కణితి తగ్గింది కూడా. కానీ రోగనిరోధక వ్యవస్థ ఒక్కసారిగా తిరగబడి నలుగురు చనిపోయారు, 2016లో ట్రయల్ మూసేశారు. బుడగలో ఏముందో అన్నదాని కంటే ఆ బుడగ, మోతాదు, రెండు పోగుల ఆర్ఎన్ఏని చూస్తే వైరస్ అనుకుని ఉలిక్కిపడే మన ఒళ్లు, ఇవన్నీ కలిసి ఫలితాన్ని నిర్ణయిస్తాయి. "మా కణితిలో ఫలానా మిర్ తగ్గింది, మిమిక్ ఇస్తే కణితి తగ్గుతుంది" అని ప్లేటులో పెంచిన కణాల మీద రాసే ముందు ఆ నలుగురినీ గుర్తు తెచ్చుకోండి.

అసలు తగ్గిందా లేదా అన్నదే పెద్ద సందేహం. పేగు క్యాన్సర్ ముక్కలో మిర్-143, మిర్-145 తక్కువున్నాయని ఎన్ని పేపర్లో, కాబట్టి ఇవి పేగు కణాల్లో క్యాన్సర్‌ని ఆపుతున్నాయని అన్నారు. 2014లో జాగ్రత్తగా చూస్తే ఆ మైక్రోఆర్ఎన్ఏలు పేగు లోపలి పొర కణాల్లో అసలు లేవు, చుట్టూ ఉండే కండర, ఊత కణాల్లో ఉన్నాయి. మామూలు పేగు ముక్కలో ఆ కణాలు ఎక్కువ, కణితి ముక్కలో తక్కువ, అందుకే "తగ్గినట్టు" కనిపించింది. కాబట్టి టార్గెట్ అనే ముందు ఏ కణంలో ఉందో చూడండి. తర్వాత ఏ జన్యువులకి అతుక్కుంటుందో ఊహించే టార్గెట్‌స్కాన్ ఇచ్చిన జాబితాని నమ్మి ఊరుకోకండి, అది జాతకం లాంటిది, చెప్పినవన్నీ జరగవు. లూసిఫరేజ్ పరీక్ష (మైక్రోఆర్ఎన్ఏ అతుక్కుంటే వెలుగు తగ్గుతుంది) చేయండి, సీడ్ అతుక్కునే చోట అక్షరాలు మార్చి మళ్లీ చేయండి, ఒంట్లో సహజంగా ఉండే మోతాదులో చేయండి. మామూలు కంటే వెయ్యి రెట్లు మిమిక్ పోస్తే ఏ కణమైనా చస్తుంది, దాంట్లో మైక్రోఆర్ఎన్ఏ గొప్పేం లేదు.

ఓడిపోయినవి చెప్పాను, యాంటీమిర్లలోనూ ఓటములున్నాయి: ఆల్‌పోర్ట్ అనే కిడ్నీ జబ్బుకి మిర్-21ని అడ్డుకునే లాడెమిర్సెన్ ట్రయల్‌ని ప్రయోజనం కనిపించడం లేదని 2022లో ఆపేశారు. (మళ్లీ మిర్-21!) అయినా ఈ దారిలో పెద్ద కంపెనీల డబ్బు ఇంకా వస్తోంది. గుండె వైఫల్యానికి మిర్-132ని అడ్డుకునే మందు తయారు చేసిన జర్మనీ కంపెనీ కార్డియోర్‌ని 2024లో నోవో నార్డిస్క్ కొనేసింది, 2025లో రెగ్యులస్‌ని నోవార్టిస్ కొనేసింది. ఆర్‌జీ-101తో దెబ్బతిన్నది ఈ రెగ్యులస్సే, కిడ్నీ వైపు తిరిగి నిలదొక్కుకుంది.

ఆ కిడ్నీ కథ నాకు ఇష్టం. వంశపారంపర్యంగా కిడ్నీ నిండా నీటి తిత్తులు వచ్చే జబ్బు ఒకటుంది. ఒక జన్యువు చెడి, పాలిసిస్టిన్ అనే ప్రొటీన్ సరిపోదు. ఉన్న ఆ కాస్త ప్రొటీన్‌ని కూడా మిర్-17 అణిచివేస్తోంది. మిర్-17ని అడ్డుకుంటే మంచి జన్యువు కాస్త ఊపిరి తీసుకుంటుంది. మందు పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? మూత్రంలో పాలిసిస్టిన్ పెరిగిందా అని చూస్తారు. చూశారా, ఇక్కడ మైక్రోఆర్ఎన్ఏ టార్గెట్, బయోమార్కర్ మాత్రం అది అణిచిపెట్టిన ప్రొటీన్. "రెండూ" అనే కోరిక తీరడానికి నాకు తెలిసిన సరైన పద్ధతి ఇదే. అవయవం మందు చేరే చోట ఉంది, దోషి ఎవరో జన్యువు చెప్పింది, పనిచేసిందా అని చూడటానికి మూత్రం చాలు.

మూడో దారి కూడా ఒకటుంది, మాత్రతో మైక్రోఆర్ఎన్ఏని పెంచడం. మొదట హెచ్ఐవీ కోసం మొదలుపెట్టిన ఒబెఫాజిమోడ్ అనే మాత్ర మిర్-124ని పెంచుతుందని తేలి, పెద్ద పేగులో పుండ్లు పడే జబ్బుకి చివరి దశ ట్రయల్స్‌లో 2025లో మంచి ఫలితాలిచ్చింది. రసాయన శాస్త్రవేత్త పక్కన లేకుండా విద్యార్థి పట్టుకోగలిగే దారి కాదిది, తెలిసి ఉంటే మంచిదని చెప్తున్నా.

మరి మీకేది?

మీ దగ్గర ఏముందో దాన్ని బట్టే. మెడికల్ కాలేజీతో నిజమైన స్నేహం ఉండి, రక్తం తీసే నర్సు ఫోన్ ఎత్తే పరిస్థితి ఉంటే బయోమార్కర్ తీసుకోండి. ఇప్పుడు వాడే టెస్టు ఎక్కడ తడబడుతుందో డాక్టరుని అడిగి అదే ప్రశ్న పట్టుకోండి, పక్కన ఆ పాత టెస్టు కూడా చేసి పోల్చండి. ఎలుకల గది, అనుమతులు, యాంటీమిర్ కొనే డబ్బు ఉంటే టార్గెట్, అదీ కాలేయం, కిడ్నీ, లేదా నేరుగా మందు పెట్టగలిగే చర్మం, కన్ను లాంటి చోట. మెదడు, ప్యాంక్రియాస్ అని ఆశపడకండి, మందు అక్కడికి చేర్చడమే ఇంకో పీహెచ్‌డీ. ఇంక్యుబేటరూ రెండు సెల్ లైన్లూ తప్ప ఏమీ లేకపోతే మైక్రోఆర్ఎన్ఏ ఎలా పనిచేస్తుందో ఒక్క ప్రశ్న శుభ్రంగా తేల్చండి, శీర్షికలో "చికిత్స" అనే మాట పెట్టకండి. కంప్యూటర్ ఒక్కటే ఉంటే, పాత డేటాలో ఎవరో చెప్పిన మార్కర్ అసలు ఏ కణానిదో వెతకండి. ఇలాంటి తనిఖీ పేపర్లకి చప్పట్లు తక్కువ, కానీ నిలుస్తాయి.

మొన్న గుంటూరు వైపు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. టీబీ మందులు వాడే రోగులు వాళ్లకి అందుబాటులో ఉన్నారు. ఐసోనియాజిడ్, పైరజినమైడ్ లాంటివి కొందరికి కాలేయాన్ని దెబ్బతీస్తాయి, అది ఏఎల్‌టీ కంటే ముందే మిర్-122తో తెలుస్తుందా అని చూద్దామని ఆలోచన. వినగానే నచ్చింది నాకు. ప్రశ్న చిన్నది, పోటీ టెస్టు ఏదో తెలుసు, అవయవం తెలుసు. మనిషికీ మనిషికీ తేడా అనే గొడవ తగ్గాలంటే మందు మొదలుపెట్టక ముందు ఒక శాంపిల్ తీసి, ప్రతి రోగినీ తనతోనే పోల్చమన్నాను. మిర్-122 మీద మందు కనిపెడతానని మాత్రం రాయొద్దన్నాను, నవ్వేసింది. వారం తర్వాత మొదటి బ్యాచ్ ట్యూబుల ఫోటో పంపింది. పన్నెండింట్లో పది ప్లాస్మాలు గడ్డి రంగులో ఉన్నాయి, రెండు గులాబీ రంగులో. ఆ రెండూ ఎవరివో, ఎన్నింటికి తీశారో రాసి పక్కన పెట్టమన్నాను.